ధరించే వైద్య సెన్సార్ల జిగురు

ధరించే వైద్య సెన్సార్ల జిగురు అనగా గుండె లయ, శ్వాస, శరీర ఉష్ణోగ్రత, గ్లూకోజు మొదలైనవాటిని కొలిచే చిన్న పరికరాలను కొన్ని గంటల నుంచి రెండు వారాల వరకు చర్మంపై నిలిపి ఉంచే జిగురు పదార్థం. ఈ పదార్థానికి ఒకదానితో ఒకటి పొసగని రెండు గుణాలు ఉండాలి. చెమట, స్నానం, నిద్రలో దొర్లడం, బట్టల రాపిడి వంటివాటికి ఊడిపోకుండా గట్టిగా పట్టుకోవాలి. తీసేటప్పుడు చర్మాన్ని గాయపరచకుండా వదిలిపెట్టాలి. ఈ రెండు గుణాలూ తగు పాళ్ళలో ఉండి, చర్మానికి దురద, అలర్జీ కలిగించని జిగురును చర్మహిత జిగురు అని వ్యవహరిస్తారు. ఒకే సెన్సారును పలుమార్లు వాడవలసి వచ్చినప్పుడు మరొక షరతు కూడా తోడవుతుంది. జిగురు గాని, అది అంటుకునే చర్మం గాని పదేపదే జరిగే అంటింపును, తొలగింపును తట్టుకోవాలి.

నేపథ్యం

పూర్వం రోగిని ఆసుపత్రి మంచంపై పడుకోబెట్టి, తీగలు తగిలించి కొద్ది నిమిషాలపాటు మాత్రమే గుండె లయను నమోదు చేసేవారు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లయదోషాలు ఆ కొద్ది నిమిషాలలో దొరక్కపోవచ్చు. అందుచేత రోజుల తరబడి నమోదు చేసే అతుకు పరికరాలు వాడుకలోకి వచ్చాయి. చర్మం కింది కణాంతర ద్రవంలోని గ్లూకోజును నిరంతరం కొలిచే సెన్సార్లను మధుమేహ రోగులు రకాన్నిబట్టి 7 నుంచి 15 రోజులవరకు ధరిస్తారు.

ఇటువంటి పరికరాలలో జిగురు కేవలం పట్టి ఉంచే సాధనం కాదు. కొలత నాణ్యత కూడా దానిమీద ఆధారపడి ఉంటుంది. చర్మంపై దొరికే గుండె విద్యుత్ సంకేతం పరిమాణం సుమారు 1 మిల్లీవోల్టు. చర్మం సాగినంత మాత్రాన పుట్టే విద్యుత్ మార్పు కొన్ని మిల్లీవోల్టులు ఉండవచ్చు. ఎలక్ట్రోడు ఒక అంచున కొద్దిగా లేచినా, చర్మంపై జారినా, అసలు సంకేతం ఈ అలజడిలో కలిసిపోతుంది. ఫలితంగా లేని లయదోషం ఉన్నట్లు హెచ్చరిక మోగవచ్చు; ఉన్న దోషం కనబడకుండా పోనూవచ్చు.

చర్మ నిర్మాణం

జిగురు నిజానికి అంటుకునేది సజీవ చర్మానికి కాదు. చర్మం పైభాగాన ఉండే బాహ్యచర్మంలో అన్నిటికంటే పై పొరను కార్నియం స్తరం అంటారు. ఇది కెరాటిన్ నిండిన మృతకణాలు ఇటుకల వలె పేర్చినట్లు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నం వలె నింపినట్లు ఉంటుంది. అరచేతులు, అరికాళ్ళు మినహా శరీరంలో ఎక్కువ భాగాన దీని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. ఇందులో సుమారు 15 నుంచి 20 వరుసల కణాలు ఉంటాయి.

ఈ పొర నిరంతరం కిందినుంచి పుడుతూ పైనుంచి రాలిపోతూ ఉంటుంది. మొత్తం పొర మారడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అంటే, ఎంత బలమైన జిగురు వాడినా, అది పట్టుకున్న కణాలే కొన్నాళ్ళకు రాలిపోయే స్థితికి వస్తాయి. అతుకు సెన్సార్ల గడువు చాలా వరకు రెండు వారాల దగ్గర ఆగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చర్మానికి ఉన్న మరికొన్ని లక్షణాలు కూడా జిగురు పనిని కష్టతరం చేస్తాయి.

* తైలగ్రంథులు స్రవించే సెబం అనే జిడ్డు చర్మానికీ, జిగురుకూ మధ్య చేరి పట్టును సడలిస్తుంది. నూనె రాసుకున్న ఒంటిపై అతుకులు నిలవకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే.
* చెమట పట్టకపోయినా చర్మం గుండా కొంత నీరు ఆవిరిగా వెలువడుతూనే ఉంటుంది. ఆరోగ్యవంతమైన చర్మంలో ఇది చదరపు మీటరుకు గంటకు సుమారు 5 నుంచి 10 గ్రాములు, అనగా రోజుకు 120 నుంచి 240 గ్రాములు. అతుకు ఈ ఆవిరిని బయటికి పోనివ్వకపోతే కింది చర్మం నానిపోయి తెల్లబడుతుంది. కోస్తా ప్రాంతపు వేసవి ఉక్కపోతలో చెమట కూడా తోడై ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది.
* కీళ్ళ వద్ద చర్మం 30 శాతం వరకు సాగుతుంది. సాగని అతుకు అంచుల వద్ద చర్మాన్ని లాగి బొబ్బలు తెప్పిస్తుంది.
* చర్మం ఉపరితలం గీతలతో, గుంటలతో, వెంట్రుకలతో నిండి ఉంటుంది కనుక జిగురు ఆ మిట్టపల్లాలలోకి ప్రవహించగలగాలి.

అంటుకునే సూత్రం

వైద్య అతుకులలో వాడే జిగురు చాలావరకు ఒత్తిడితో అంటుకునే రకానికి చెందినది. ఇది వడ్రంగి వాడే వజ్రం వలె ఎండి గట్టిపడదు. వేడి గాని, రసాయన చర్య గాని దీనికి అవసరం లేదు. వేలితో కొద్దిగా నొక్కితే చాలు, అంటుకుంటుంది. ఈ పదార్థాలకు ద్రవానికి ఉండే స్నిగ్ధత, రబ్బరుకు ఉండే స్థితిస్థాపకత రెండూ ఉంటాయి. నొక్కినప్పుడు ద్రవం వలె నెమ్మదిగా ప్రవహించి చర్మపు గుంటలలో నిండుతుంది. లాగినప్పుడు ఘనపదార్థం వలె ఎదురు నిలుస్తుంది. ఆ రెండు ఉపరితలాల అణువుల మధ్య పనిచేసే వాన్ డెర్ వాల్స్ బలాలు విడివిడిగా చాలా బలహీనమైనవి. అయితే తాకిన వైశాల్యం పెరిగేకొద్దీ వాటి మొత్తం గణనీయమవుతుంది.

జిగురు ఎంత మెత్తగా ఉండాలనే ప్రశ్నకు 1960వ దశకంలో అమెరికాలోని 3ఎం సంస్థకు చెందిన కార్ల్ డాల్‌క్విస్ట్ సమాధానం ఇచ్చాడు. సెకను కాలవ్యవధిలో కొలిచిన దృఢత గుణకం దాదాపు 3 లక్షల పాస్కల్‌ల కంటే తక్కువగా ఉన్న పదార్థం మాత్రమే చేతి ఒత్తిడికి అంటుకోగలదు. అంతకంటే గట్టి పదార్థం ఎగుడుదిగుడులలోకి దిగలేక పైపైన మాత్రమే తాకుతుంది. దీనిని డాల్‌క్విస్ట్ ప్రమాణం అంటారు.

జిగురు గుణాన్ని మూడు రకాలుగా కొలుస్తారు.

* తాకిన వెంటనే ఎంత పట్టుకుంటుంది అనేది తక్షణ పట్టు.
* ఒక అంచునుంచి లాగి ఊడదీయడానికి ఎంత బలం కావాలి అనేది ఊడదీత బలం.
* బరువు వేలాడదీసినప్పుడు జారకుండా ఎంతసేపు నిలుస్తుంది అనేది జారుడు నిరోధం.

ఈ మూడింటినీ ఒకేసారి పెంచడం సాధ్యం కాదు. మెత్తదనం పెంచితే తక్షణ పట్టు పెరుగుతుంది కాని, పరికరం బరువుకు జిగురు జారుతుంది, తీసినప్పుడు చర్మంపై మరకగా మిగులుతుంది. ఏ సెన్సారుకు ఏ జిగురు అనే నిర్ణయమంతా ఈ మూడింటి మధ్య సర్దుబాటే.

చరిత్ర

1845లో అమెరికాలో హొరేస్ డే అనే వైద్యుడు రబ్బరు జిగురును గుడ్డపై పూసి శస్త్రవైద్యానికి అతుకు తయారుచేశాడు. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పాల్ కార్ల్ బయర్స్‌డోర్ఫ్ అనే ఔషధ నిపుణుడు 1882లో మందు కలిపిన అతుకుకు పేటెంటు పొందాడు. ఆయన పేరుతో వెలసిన సంస్థ 1901లో జింకు ఆక్సైడు కలిపిన ల్యూకోప్లాస్ట్‌ను విడుదల చేసింది. 1920లో ఎర్ల్ డిక్సన్ రూపొందించిన బ్యాండ్-ఎయిడ్ గాయాలకు కట్టుకట్టడాన్ని ఇంటిపనిగా మార్చింది.

తొలినాటి జిగురులలో సహజ రబ్బరు, పైను చెట్లనుంచి తీసే రోజిన్ ముఖ్య భాగాలు. ఇవి రెండూ కొందరికి అలర్జీ కలిగించేవి. 1960 ప్రాంతంలో ఆక్రిలిక్ జిగురుతో, గాలి ఆడే కాగితపు ఆధారంతో మైక్రోపోర్ టేపు రావడంతో ఈ సమస్య చాలావరకు తగ్గింది. 1990లో స్వీడన్‌కు చెందిన మోల్న్‌లికే సంస్థ మెత్తని సిలికాన్ పూసిన గాయపు కట్టును ప్రవేశపెట్టింది. చర్మాన్ని లాగకుండా ఊడివచ్చే జిగురుకు ఇది మార్గం చూపింది.

రకాలు

ఆక్రిలిక్ జిగురు: బ్యూటైల్ ఆక్రిలేట్, 2-ఇథైల్‌హెక్సైల్ ఆక్రిలేట్ వంటి చిన్న అణువులను గొలుసులుగా కలిపి దీనిని తయారుచేస్తారు. ధర తక్కువ, పట్టు ఎక్కువ. గంటలు గడిచేకొద్దీ చర్మపు గుంటలలోకి మరింత దిగి పట్టు ఇంకా పెరుగుతుంది. అందువల్ల ఎక్కువ రోజులు ధరించే సెన్సార్లకు ఇది అనుకూలం. తీసేటప్పుడు కార్నియం కణాలను తనతో లాక్కుపోవడం దీని లోపం. ఒకసారి తీసిన అతుకు మృతకణాలతో నిండిపోతుంది కనుక మళ్ళీ అంటుకోదు.

సిలికాన్ జెల్: సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసులతో ఏర్పడిన ఈ జిగురు చాలా మెత్తనిది. చర్మాన్ని తాకగానే పరుచుకుంటుంది కనుక కాలంతోపాటు పట్టులో పెద్ద మార్పు ఉండదు. తీసినప్పుడు చాలా తక్కువ కణాలను లాగుతుంది, వెంట్రుకలను పీకదు. మురికి చేరితే సబ్బునీటితో కడిగి ఆరబెట్టి కొన్నిసార్లు తిరిగి వాడుకునే రకాలు ఉన్నాయి. ధర ఎక్కువ, బరువైన పరికరాలను మోయగల పట్టు ఆక్రిలిక్‌తో పోల్చితే తక్కువ.

హైడ్రోకొల్లాయిడ్: పాలీఐసోబ్యూటిలీన్ వంటి రబ్బరులో పెక్టిన్, జెలటిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ పొడులను కలిపి తయారుచేస్తారు. ఈ పొడులు చెమటను పీల్చుకుని ఉబ్బుతాయి. పేగు శస్త్రచికిత్స తరువాత పొట్టపై అమర్చే సంచులకు దీనిని విస్తారంగా వాడుతారు. మందం ఎక్కువ కావడం, అంచులు చుట్టుకుపోవడం దీని ఇబ్బందులు.

హైడ్రోజెల్: నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల ఇది. ఇందులో లవణాలు కలిపితే విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక గుండె లయ ఎలక్ట్రోడులలో జిగురుగానూ, వాహకంగానూ పనిచేస్తుంది. నొప్పి నివారణకు వాడే నరాల ఉద్దీపన యంత్రాల ప్యాడ్‌లలో ఉండేది ఇదే. ఒకే వ్యక్తి ఈ ప్యాడ్‌లను, పొడిబారినప్పుడు నీటిచుక్కతో తడిపి, పలుమార్లు వాడుకోవచ్చు. తడి పూర్తిగా ఆరిపోతే పట్టుతోపాటు విద్యుత్ వాహకత కూడా తగ్గుతుంది.

మళ్ళీ వాడే సెన్సార్లలో అమరిక

సెన్సారులో బ్యాటరీ, రేడియో, చిప్పు ఖరీదైనవి; అవి నెలల తరబడి పనిచేస్తాయి. జిగురు చవకైనది, దాని ఆయువు రోజులలో ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడమే మళ్ళీ వాడే సెన్సార్ల రూపకల్పనలో మొదటి మెట్టు. ఇందుకు మూడు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది తొడుగు పద్ధతి. చర్మానికి అంటే అతుకుపై చిన్న ప్లాస్టిక్ గూడు ఉంటుంది. పరికరాన్ని అందులో నొక్కి బిగిస్తారు; గడువు తీరాక అతుకును మాత్రమే పారవేస్తారు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌కామ్ జీ6 గ్లూకోజు వ్యవస్థలో సెన్సారు, అతుకు 10 రోజులకు మార్చేవి కాగా, సంకేతాలు పంపే భాగాన్ని 3 నెలలపాటు వాడేవారు.

రెండవది రెండువైపుల జిగురు ఉన్న టేపు. దీనిలో పరికరం వైపు గట్టి ఆక్రిలిక్, చర్మం వైపు మెత్తని సిలికాన్ పూస్తారు. పరికరం వైపు పట్టు బలంగా ఉంటే, తీసేటప్పుడు టేపు చర్మంపై మిగలక పరికరంతోపాటు వస్తుంది. తరువాత పరికరంనుంచి టేపును ఒలిచి కొత్తది అంటిస్తారు.

మూడవది జిగురునే కడిగి తిరిగి వాడే పద్ధతి. ఇది ఒకే వ్యక్తి వాడుకకు మాత్రమే తగినది. జిగురు పొరలో చిక్కుకున్న మృతకణాలను, సూక్ష్మజీవులను పూర్తిగా తొలగించడం కష్టం కనుక ఒకరికి అంటించిన జిగురు పొరను మరొకరికి వాడరాదు. ఆసుపత్రులలో పరికరాన్ని రోగికీ రోగికీ మధ్య క్రిమిరహితం చేసి, జిగురు పొరను ప్రతిసారీ కొత్తది వేయడం సరైన పద్ధతి.

చర్మానికి కలిగే హాని

అతుకు తీసిన తరువాత కొద్దిసేపు చర్మం కందడం సహజం. 30 నిమిషాలు గడిచినా ఎరుపు గాని, బొబ్బ, చీలిక, పుండు వంటి ఇతర మార్పు గాని తగ్గకుండా ఉంటే దానిని వైద్య జిగురు వలన కలిగిన చర్మగాయంగా పరిగణించాలని 2013లో అమెరికాలో నిపుణులు ఏకాభిప్రాయ పత్రంలో నిర్వచించారు. పై పొర లేచిపోవడం, అంచుల వద్ద బొబ్బలు, చర్మం చిరగడం, నానిపోవడం, వెంట్రుకల కుదుళ్ళు వాచడం, స్పర్శ చర్మశోథ వీటిలో ముఖ్యమైనవి.

ఎక్కువ ప్రమాదం ఉన్నవారు ఇద్దరు: నెలలు నిండకుండా పుట్టిన శిశువులు, వృద్ధులు. ఈ శిశువులలో కార్నియం స్తరం పూర్తిగా ఏర్పడి ఉండదు. బాహ్యచర్మానికీ అంతశ్చర్మానికీ మధ్య బంధం బలహీనంగా ఉంటుంది. ఆ బంధంకంటే జిగురు పట్టు ఎక్కువైతే అతుకుతోపాటు చర్మమే లేచివస్తుంది. వృద్ధులలో కూడా ఈ బంధం సడలి ఉంటుంది.

నలుపు, చామనచాయ చర్మంపై ఎరుపు స్పష్టంగా కనబడదు. ఇటువంటి చర్మంలో వేడిని, వాపును, రంగు ముదరడాన్ని, నొప్పిని గమనించాలి. మంట తగ్గిన తరువాత కూడా ఆ చోట నల్లమచ్చ నెలల తరబడి మిగిలిపోవచ్చు.

అలర్జీ కలిగించే పదార్థాలు

జిగురులో ప్రధాన పదార్థం హాని చేయకపోయినా, అందులో మిగిలిపోయిన చిన్న అణువులు హాని చేయవచ్చు. దీనికి భారతీయులకు పరిచితమైన ఉదాహరణ బొట్టుబిళ్ళ. నుదుట బిళ్ళ అంటించే చోట కొందరు స్త్రీలకు తెల్లమచ్చ ఏర్పడుతుంది. బిళ్ళ జిగురులో విడిగా ఉండే పారా-టెర్షియరీ-బ్యూటైల్‌ఫినాల్ దీనికి కారణమని భారతీయ చర్మవైద్యులు 1990లో ప్రకటించారు. ఈ రసాయనం చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను దెబ్బతీస్తుంది. బొల్లిగా భ్రమపడే ఈ మచ్చ వలన బాధితులు అనవసరమైన మానసిక వేదనకు, సామాజిక వివక్షకు గురవుతారు.

రెండవ ఉదాహరణ గ్లూకోజు సెన్సార్లకు సంబంధించినది. ఒక సెన్సారు ధరించినవారిలో తీవ్రమైన చర్మశోథ కనబడగా, 2017లో ఐరోపా చర్మవైద్యులు దానికి ఐసోబోర్నిల్ ఆక్రిలేట్ కారణమని గుర్తించారు. పరికరపు ప్లాస్టిక్ భాగాలు కలిసే చోట ఈ పదార్థం ఎక్కువగా కనబడింది. చర్మాన్ని నేరుగా తాకని భాగంనుంచి కూడా అది నెమ్మదిగా వ్యాపించి చర్మాన్ని చేరగలదని దీనివలన తెలిసింది. అమెరికా స్పర్శ చర్మశోథ వైద్యుల సంఘం 2020 సంవత్సరపు అలర్జీకారకంగా ఐసోబోర్నిల్ ఆక్రిలేట్‌ను ప్రకటించింది. చర్మం వైపు జిగురును మాత్రమే పరీక్షించడం చాలదని, పరికరం మొత్తాన్ని పరీక్షించాలని ఈ ఉదంతం నేర్పింది.

ఒకసారి ఏర్పడిన అలర్జీ సాధారణంగా జీవితాంతం నిలిచి ఉంటుంది. సెన్సారుపై ఆధారపడిన మధుమేహ రోగికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఆ పదార్థం లేని పరికరానికి మారడమే నమ్మదగిన మార్గం.

ప్రమాణాలు, పరీక్షలు

చర్మాన్ని తాకే వైద్య పరికరాల జీవ అనుకూలతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993. ఇందులో 5వ భాగం కణాలపై విష ప్రభావాన్ని, 10వ భాగం అలర్జీ కలిగించే గుణాన్ని, 23వ భాగం చర్మపు మంటను పరీక్షించే పద్ధతులను వివరిస్తాయి. భారతదేశంలో వైద్య పరికరాల నియమావళి 2017 అనుసరించి వీటి నియంత్రణ జరుగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ ఈ నియంత్రణ పరిధిలోకి వచ్చాయి.

అంటించడం, తీయడం

* అంటించే చోట నూనె, లేపనాలు లేకుండా సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.
* వెంట్రుకలు ఉంటే గొరగకుండా కత్తిరించాలి. గొరిగితే కంటికి కనబడని కోతలు పడతాయి.
* సాగదీయకుండా పరచి, మధ్యనుంచి అంచులవైపు కొన్ని సెకన్లు నొక్కాలి.
* తీసేటప్పుడు ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, అతుకును పైకి లాగకుండా చర్మానికి దగ్గరగా వెనక్కి మడుస్తూ నెమ్మదిగా తీయాలి. వేగంగా లాగితే జిగురు మరింత గట్టి ఘనపదార్థంలా ప్రవర్తించి చర్మంపై ఎక్కువ బలం పడుతుంది.
* గట్టిగా పట్టిన అతుకు అంచున సిలికాన్ ఆధారిత తొలగింపు ద్రవం వాడవచ్చు.
* తదుపరి అతుకును వేరే చోట వేసి, పాత చోటుకు కోలుకునే సమయం ఇవ్వాలి.

పరిశోధనలు

బల్లి జాతికి చెందిన గెకో గోడపై పాకడానికి జిగురు వాడదు. దాని పాదాలలో లక్షల సంఖ్యలో ఉన్న సన్నని నూగు ఉపరితలాన్ని తాకి పట్టుకుంటుంది. 2000లో కెల్లర్ ఆటమ్, అతని సహచరులు ఒక్క నూగు బలాన్ని కొలిచి చూపారు. ఈ నిర్మాణాన్ని అనుకరించే అతుకులలో జిగురు లేదు కనుక అవి తిరిగి వాడేందుకు అనుకూలం. అయితే తడి చర్మంపై వీటి పట్టు తగ్గుతుంది. ఈ లోపాన్ని అధిగమించేందుకు దక్షిణ కొరియాలోని సుంగ్‌క్యున్‌క్వాన్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఆక్టోపస్ చూషకాలను పోలిన అతుకును రూపొందించారు. ఇది తడిలోనూ పట్టుకుంటుంది.

2011లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం పరికరాన్నే చర్మమంత మెత్తగా, పలుచగా చేసింది. పరికరం చర్మంతోపాటు సాగితే బలమైన జిగురు అవసరమే తగ్గుతుంది. ఇదే ఆలోచనతో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో 2019లో నెలలు నిండని శిశువులకు తీగలు లేని మెత్తని సెన్సార్లను తయారుచేశారు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో షువాన్‌హె జావ్ బృందం 2022లో 48 గంటలపాటు అంటుకుని ఉండి అవయవాలను చూపే అల్ట్రాసౌండు అతుకును ప్రకటించింది. వేడికి, వెలుతురుకు, ప్రత్యేక ద్రవానికి స్పందించి కోరినప్పుడు పట్టు వదిలే జిగురుపై కూడా పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇవి కూడా చూడండి

* చర్మం
* జిగురు
* మధుమేహం
* ఎలక్ట్రోకార్డియోగ్రామ్
* సిలికాన్
* అలర్జీ